ఏడు రోజుల గడువు

మొన్న ఇక్కడ సింగపూర్‌లో, మా యూ టీ పేటలోని సూపర్‌మార్కెట్లో ఎవరి చేతిలోంచో దక్షిణాఫ్రికా రూయిబోస్ టీ డబ్బా జారి పగిలింది. ఆ ఎర్రటి పొడి వాసన తగలగానే నాయుడు గారు గుర్తొచ్చారు. ఆయన రోజంతా ఆ టీయే తాగేవారు. ఇక్కడి తంజోంగ్ పగార్ ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజుల్లో ఆయన మా మేనేజరు. చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికా వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవడు. ఇక్కడికి రాకముందు అక్కడి ఒక మున్సిపాలిటీలో న్యాయ వ్యవహారాలు చూసేవారట. ఆయన తెలుగు మా నాయనమ్మ తెలుగు కంటే పాతది. చాటుగా నవ్వుకునేవాళ్లం, పాపం.

ఒకసారి మా క్లయింటు ఫైళ్లు బయటికి పొక్కాయి, అదీ నా లాగిన్ నుంచి. నాయుడు గారు ఒక ఉత్తరం చేతికిచ్చారు. విచారణ ముగిసేదాకా నన్ను ఎందుకు సస్పెండ్ చేయకూడదో ఏడు రోజుల్లో రాసివ్వాలట. నాకు తల కొట్టేసినట్టయింది. మనవాళ్లలో సస్పెండ్ అంటే దొంగ అనే కదా లెక్క! ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ రద్దవుతుంది, నెల తిరక్కుండా పెట్టే బేడా సర్దుకోవాలి. తీసేయాలనుకున్నాక ఈ నాటకమెందుకని ఒళ్లు మండి, ఒక్క ముక్క రాయలేదు.

ఐదో రోజు సాయంత్రం ఆయనే మా ఫ్లాట్‌కి వచ్చి కూర్చున్నారు. వాళ్ల మున్సిపాలిటీలో నీటి సరఫరా చూసే పెద్ద అధికారి సంగతి చెప్పారు. అక్కడి చట్టం ప్రకారం అలాంటివారిని సస్పెండ్ చేసేముందు, జవాబు రాయడానికి ఏడు రోజులివ్వాలి. ఆ జవాబు కౌన్సిల్ చదవాలి. జీతం ఆపకూడదు. మూడు నెలల్లో విచారణ మొదలవకపోతే సస్పెన్షన్ దానంతటదే పోతుంది. కౌన్సిల్ తొందరపడి ఆ ఏడు రోజులూ ఆగలేదు. ఆ సస్పెన్షన్‌ను కోర్టు కొట్టేసింది. కౌన్సిల్ తరఫున సస్పెన్షన్ ఉత్తరం రాసింది నాయుడు గారే. ఆ అధికారి పిల్లలు తండ్రి సంగతి పేపర్లో చదివి తెలుసుకున్నారట.

"నీవు రాయకుంటే నేను వినలేను, అమ్మా. విని కూడా నిన్ను సస్పెండ్ చేస్తానేమో. వినకుండా చేయను" అన్నారు.

ఆయన వెళ్లాక రాయడానికి కూర్చున్నాను. రెండో పేజీలో చెయ్యి ఆగిపోయింది. సెలవు మీద ఊరెళ్తూ నా పాస్‌వర్డు టీమ్‌లోని లక్ష్మికి ఇచ్చి వెళ్లాను. పక్కింట్లో తాళంచెవి ఇచ్చినట్టు ఇచ్చేస్తాం మనం. ఇవ్వకపోతే, నమ్మకం లేదా అక్కా అని మొహం మాడ్చుకుంటారు. సిగ్గు చంపుకుని అదీ రాశాను. ఆయన రెండుసార్లు చదివి, మర్నాడు నన్ను సస్పెండ్ చేశారు. నేను ఆఫీసులో ఎదురుగా ఉంటే లక్ష్మి నోరు విప్పదని కారణం కూడా కాగితం మీద పెట్టారు.

"నన్ను నమ్మలేదా సర్?" అన్నాను.

"నమ్మినాను. లక్ష్మి మాట ఇంకా వినలేదు."

నెలన్నరకి విచారణ ముగిసింది. ఇంట్లో పని పూర్తి చేద్దామని లక్ష్మి నా లాగిన్‌తో ఆ ఫైళ్లను సొంత మెయిల్‌కి పంపుకుంది. అక్కణ్ణుంచే పొక్కాయి. ఇద్దరికీ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. నన్నే అడిగి ఉంటే, ఆ పిల్లను అక్కడికక్కడే తీసేయమనేదాన్ని.

ఇప్పుడు నా కింద ముప్పైమంది పనిచేస్తున్నారు. ఎవరి మీద ఫిర్యాదొచ్చినా ముక్కు మీద కోపం నాకే, కానీ సంతకం మాత్రం ఏడు రోజులు ఆపుతాను. ఆ ఏడు రోజులూ అన్నం సయించదు, నిద్ర పట్టదు. నాయుడు గారికీ అలాగే ఉండి ఉంటుంది. నా జవాబు కోసం ఎదురుచూసిన ఆ రోజులు ఆయనెలా గడిపారో, ఆయన బతికుండగా ఒక్కసారీ అడగలేదు.