సాంచాల నడుమ నెగ్గిన మైకుసెట్టు

వేడెక్కిన దుమ్ము వాసన గదంతా పరుచుకుంది. జగిత్యాలలోని మా ఇంట్లో బాపు వాడిన వాల్వు ఆంప్లిఫైయర్ ఇప్పటికీ పలుకుతుంది. లోపలి గాజు గొట్టాలు ఎర్రబడేదాకా ఓపిక పట్టాలి, అంతే. కోరుట్ల నుంచి వచ్చిన మా తమ్ముడేమో దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేసి, తను తెచ్చిన కొత్త సెట్టు పెట్టుకోమంటున్నాడు. నేను ఇవ్వను.

సిరిసిల్లలో మా బాల్యమంతా సాంచాల చప్పుడులోనే గడిచింది. సాంచాలంటే మరమగ్గాలు. ముందు గదిలో నాలుగు సాంచాలు ఆడుతుంటే, వెనక వంటింట్లో మక్కగారెలు కాలుస్తూ అమ్మ మమ్మల్ని చేతి సైగలతోనే పిలిచేది. వానకాలం చెమ్మపట్టిన నూలు వాసన, సాంచాలకు పోసే నూనె వాసన, గారెల్లోని ఎల్లిపాయ వాసన కలిసి మా బట్టలకు పట్టేవి. వాకిట్లో అష్టాచెమ్మా ఆడుతూ కూడా మేం అరుచుకునే మాట్లాడుకునేవాళ్లం. బాపు నేత పని చేస్తూనే పండగలకు మైకుసెట్టు పెట్టేవాడు. బతుకమ్మకు మా నాయనమ్మ పాట ఎత్తుకుంటే వాడకట్టు ఆడవాళ్లంతా అందుకునేవాళ్లు. ఆమెది కాస్త బొంగురు గొంతు, కానీ మెత్తన.

ఒక ఏడు పండగ ముందు బాపు ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్ తెచ్చాడు. తేలిక, మీట నొక్కగానే మోగుతుంది. రెండింటిలో ఏది మేలో తేల్చడానికి మా వాళ్లెవరైనా చేసే పనే ఆయనా చేశాడు. నడుస్తున్న సాంచాల నడుమ రెండింటినీ పెట్టి నాయనమ్మను పాడమన్నాడు. కొత్తది చప్పుడును చీల్చుకుని వినబడింది, పాతది అందులో మునిగిపోయింది. పాతది అటకెక్కింది.

సద్దుల బతుకమ్మ నాడు సాంచాలు బంద్. తంగేడు, గునుగు పూల బతుకమ్మలు పేర్చి, నువ్వుల సద్ది, మలీద ముద్దలు గిన్నెల్లో సర్దుకుని ఆడవాళ్లంతా కూడారు. నాయనమ్మ పాట ఎత్తుకుంది. నిశ్శబ్దమైన ఆ వీధిలో ఆమె గొంతు రేకు మీద మేకు గీసినట్టు వచ్చింది. ఆమె పాట ఆపేసింది.

"గిది నా గొంతు గాదు కొడుకా. గా పాతది తే."

"అందరికి మంచిగ ఇనవడుతుంది గదా అవ్వా," అన్నాడు బాపు.

"ఇనవడితె సాలునా? నేను పాడ."

ఆడవాళ్లెవరూ చప్పట్లు కలపలేదు. బాపు మొహం మాడ్చుకుని అటకెక్కాడు. పాత సెట్టు వేడెక్కేదాకా వీధి వీధంతా నిలబడి ఎదురు చూసింది. ఆ తర్వాత నాయనమ్మ పాడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"గిప్పుడు ఎవ్వలు వాడుతున్నరక్కా గివి?" అన్నాడు తమ్ముడు ఇవాళ, వాల్వు సెట్టు చూస్తూ. ఇప్పటి కొత్త సెట్లు అప్పటిలా గీరవు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నాయనమ్మ లేదు, సాంచాలు పాత ఇనుము కింద తూకానికి పోయాయి, మా కాలనీ బతుకమ్మలో నోరు తెరిచి పాడేవాళ్లు లేరు. డీజే పాడుతుంది, మనం చూస్తాం.

తమ్ముడు తన సెట్టు తను పట్టుకుపోయాడు. ఈ ఏడు డీజే వద్దు, బాపు సెట్టు పెట్టి నేనే పాడతానని కాలనీ ఆడవాళ్లకు చెప్పొచ్చాను. నవ్వారు. నవ్వనీ. ఎవరూ రాకపోతే బతుకమ్మ చుట్టూ ఒక్కదాన్నే తిరుగుతాను.