మా పెద్దమేడమ్, నేను రాసిన ఉత్తరం

పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా టిఫినుకు ఉగ్గాని పొట్లం కట్టించుకుంటుంటే ఫోను మోగింది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె. "సార్, మన పెద్దమేడమ్ పోయినారంట. తెల్లారుజామున, ఆదోనిలోనే" అంది. పొట్లం కట్టినాయన రెండుసార్లు పిలిస్తే గానీ నేను చేయి చాపలేదు.

ఆమె మా హెడ్మాస్టరు. నందవరం వైపు ఒక పల్లెలో, ఎనిమిదో తరగతి దాకా ఉన్న బడికి పదకొండేళ్ళు పెద్దగా ఉన్నారు. అందులో ఏడేళ్ళు నేను ఆమె దగ్గర లెక్కలు చెప్పాను. మేమంతా పెద్దమేడమ్ అనేవాళ్ళం. ఊళ్ళో పెద్దటీచరమ్మ అనేవారు. రిటైరయ్యాక ఎంతో కాలం గడవలేదు, కిడ్నీలు పాడయ్యాయి.

ఆదోనిలో జరిగిన సంస్మరణ సభలో మొదట నన్నే మాట్లాడమన్నారు. పది నిమిషాలు మాట్లాడాను. బాగా చెప్పినావన్నారు అందరూ. నేను చెప్పినవన్నీ నిజాలే. చెప్పకుండా మింగింది ఒకటుంది. అది చెప్పకుండా ఆమెను తలుచుకునే అర్హత నాకు లేదనిపించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పెద్దమేడమ్ ఆదోని నుంచి పొద్దున ఏడు గంటల బస్సెక్కేవారు. కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో నోటుపుస్తకాలు పెట్టుకుని దిద్దుకుంటూ వచ్చేవారు. బస్సు కుదుపులకు ఆమె ఎర్రసిరా టిక్కులు వంకరలు పోయేవి. పిల్లలు ఆ టిక్కు చూసి "ఇది గుంతకాడ దిద్దినారు" అని నవ్వుకునేవాళ్ళు. బ్యాగులో ఎప్పుడూ కొబ్బరినూనె సీసా, దువ్వెన ఉండేవి. తల్లిదండ్రులు చీకటితోనే పత్తి చేలకు పోయిన ఇళ్ళ నుంచి జుట్టు రేగిపోయి వచ్చే ఆడపిల్లలను ప్రార్థనకు ముందే వరసగా కూర్చోబెట్టి జడలు వేసేవారు. ఇన్స్పెక్షనుకు వచ్చిన అధికారి ముందైనా పిల్లలతో మాట్లాడే యాసలోనే మాట్లాడేవారు.

హాజరుపట్టీ విషయంలో ఆమెకొక పద్ధతి ఉండేది. పొద్దున రాని పిల్లకు గైర్హాజరు వేయనిచ్చేవారు కాదు. ఆ గడిలో పెన్సిలుతో చుక్క పెట్టమనేవారు. మధ్యాహ్నం అన్నాల వేళ గొడుగేసుకుని ఆ పిల్ల ఇంటికి తానే పోయేవారు. కొత్తలో నాకు విసుగ్గా ఉండేది. ఒకసారి అడిగితే, "రాలేదని రాసేస్తే ఆడికి అయిపోయింది సార్. ఇంకా రాలేదు అనుకుందాం" అన్నారు.

ఎందుకంత పట్టుదలో నెమ్మదిగా తెలిసింది. ఆమె తల్లిదండ్రులు కూలివాళ్ళు. కరువు ఏడాది సుగ్గికి, అంటే ఊరు విడిచి దూరపు కూలికి, పోతూ ఆమెను కూడా తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి తోటిపిల్లలు పై క్లాసులో ఉన్నారు. వాళ్ళమ్మ చర్చి పాస్టరు కాళ్ళావేళ్ళా పడితే ఆయన హాస్టల్లో చేర్పించాడట. "నాతోపాటు మిరపకాయలు తెంపినోళ్ళు ఇంకా తెంపుతాండారు సార్. వాళ్ళు నాకంటే తెలివైనోళ్ళు" అనేవారు.

కరోనా వచ్చి బడులు మూసినప్పుడు మూయడమే మంచిదని మొదట్లో అందరం ఒకే మాట మీద ఉన్నాం. జూన్ పోయింది, జూలై వచ్చింది. టీవీలో పాఠాలన్నారు, ఫోనులో పాఠాలన్నారు. మా ఏడో తరగతిలో ముగ్గురి ఇళ్ళలోనే పాఠాలు చూడగలిగే ఫోన్లున్నాయి, అవి కూడా నాన్నల జేబుల్లో పొలానికి పోయేవి. ఒకరోజు మమ్మల్నందరినీ బడికి పిలిపించి దూరం దూరంగా కూర్చోబెట్టి పెద్దమేడమ్ చెప్పారు. ఊళ్ళో పీర్ల చావిడికి మూడు పక్కలా గోడల్లేవు, గాలి బాగా ఆడుతుంది. రోజుకు ఒక క్లాసు, ఐదుగురైదుగురు పిల్లలు, గంటన్నర. వచ్చేవాళ్ళు రావచ్చు, రాలేనివాళ్ళను తప్పుపట్టను అన్నారు.

నేను లేచాను. "మేడమ్, ప్రాణం మిగిలితే కదా చదువు. ఒక ఏడాది పోతే ఏం మునిగిపోతుంది?" అన్నాను.

మేడమ్ నా వైపు తిరిగారు. "మన ఇండ్లల్లో పిల్లోళ్ళకు ప్రాణమూ ఉంటాది, చదువూ ఉంటాది సార్. ఈ పిల్లోళ్ళకు మాత్రం రెండిట్లో ఒకటే తీసుకోమని ఎట్ల చెప్తాం? మీరు భయపడేది తప్పు కాదు. నాకూ భయమే. మీ నాయనకు ఆయాసముంది, మీరు రావద్దండి. నేను సూసుకుంటా."

నేను పోలేదు. మిగతా ఇద్దరు టీచర్లు వంతులేసుకుని పోయారు. ఆమె పాత చీరలు చించి మాస్కులు కుట్టించారు. చావిడి బండల మీద సుద్దతో గుండ్రాలు గీసి ఒక్కో గుండ్రంలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టారట. నా లెక్కలు కూడా ఆమే చెప్పారు. రాత్రి ఫోను చేసి, "సార్, ఈ భిన్నాల గుణకారం మీరు ఎట్ల మొదలుపెడతారు, సెప్పండి" అని అడిగేవారు. నేను ముక్తసరిగా చెప్పి పెట్టేసేవాణ్ని.

ఆ ఏడో తరగతిలో హుసేనమ్మ అనే పిల్ల ఉండేది. లెక్క బోర్డు మీద పూర్తయ్యే లోపలే పెదాల మీద జవాబు ఆడేది. వాళ్ళ అమ్మానాన్నలు ఏటా దసరా తర్వాత పత్తికి, ఆ పైన మిరపకు గుంటూరు వైపు పోయేవాళ్ళు. ఈ పిల్ల అవ్వ దగ్గర ఉండి బడికి వచ్చేది. అట్లా ఇద్దరూ ఒకరికొకరు కాపలా.

ఆగస్టులో ఆ అవ్వకు జ్వరమొచ్చింది. ఐదో రోజుకు ఊపిరాడలేదు. కర్నూలు తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది.

పిల్ల చావిడికి పోయి తెచ్చి అంటించిందని ఊరంతా మాట పుట్టింది. పెద్దమేడమ్ ఆ ఇంటికి పోయి వాకిట్లో నిలబడ్డారు. వంటామె పక్కనే ఉంది, ఆమె నాకు చెప్పింది. "నా వల్ల వచ్చిందో లేదో నాకు తెలీదప్పా. నా వల్ల కాదని మాత్రం సెప్పలేను" అన్నారట మేడమ్. హుసేనమ్మ నాన్న తల వంచుకుని, "మేమూ ఆ వారంలోనే ఆదోని మార్కెట్టుకు పోయొస్తిమి టీచరమ్మా. ఎవుర్నని అనాల" అన్నాడట.

ఆ అవ్వ కొడుకే అనని మాట నేను అన్నాను. అన్నానని కూడా ఎవరికీ తెలియకుండా అన్నాను. ఆ వారమే పై అధికారికి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ప్రభుత్వం మూసిన బడిని ఈమె వేరేచోట నడుపుతోందని, 7వ తరగతి పిల్ల అవ్వ ఒకామె చనిపోయిందని, ఆపకపోతే ఇంకెంతమంది పోతారోనని రాశాను. చేతిరాత తెలియకుండా అక్షరాలు పక్కకు వాల్చి రాశాను. కింద "గ్రామస్తులు" అని పెట్టాను.

ఆ ఉత్తరాన్ని పోస్టులో వేసింది ఎమ్మిగనూరులోనే. ఆ సాయంత్రం నేను బండి తీసింది ఉత్తరం కోసం కాదు, పదో తరగతి చదువుతున్న నా కూతురిని ట్యూషనులో దింపడానికి. ఒక ఇంటి వెనక గదిలో, వీధి తలుపు మూసి, ఎనిమిదిమంది పిల్లలకు రహస్యంగా చెప్పేవాడు ఆ మాస్టరు. ఆ గదికి ఒక్కటే కిటికీ. కూతురిని దింపి, "మాస్కు తీయొద్దు" అని చెప్పి, అటునుంచి అటే పోస్టుడబ్బా దగ్గరికి పోయాను. రెండు పనులకూ పొంతన లేదని ఆ రోజు నాకు తట్టనే లేదు. అదే ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

మూడోరోజు అధికారి వచ్చి చావిడి చూసి, పెద్దమేడమ్‌కు మెమో ఇచ్చి పోయాడు. క్లాసులు ఆగిపోయాయి. ఆమె వానపడితే సుద్ద గుండ్రాలు చెరిగిపోతాయిలే అని వదిలేయలేదు. తానే బిందెడు నీళ్ళు తెచ్చి కడిగారని విన్నాను. నాకు మాత్రం ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

దసరా అయింది. హుసేనమ్మ వాళ్ళు మూటలు కట్టారు. కబురు తెలిసి పెద్దమేడమ్ ఆ వేళకు బస్సు లేక ఆటో మాట్లాడుకుని ఆదోని నుంచి వచ్చారు. ఆ రోజు జీతాల కాగితాల మీద ఆమె సంతకం కోసం నేనూ ఊళ్ళోనే ఉన్నాను, ఆమె వెంట పోక తప్పలేదు. వాకిట్లో ట్రాక్టరు నిలబడి ఉంది. పిల్ల అప్పటికే పైనెక్కి మూటల మధ్య కూర్చుంది.

"పాపను నాతో ఆదోనికి పంపీ అప్పా. మా ఇంట్లో ఉంటాది. బడి తెరిచినాక నేనే తోడుకొనొస్తా" అన్నారు మేడమ్.

హుసేనమ్మ నాన్న చేతులు జోడించాడు. "మా యమ్మ ఉన్నెప్పుడు ఇడిసిపెట్టి పోతాంటిమి. బడి తెరిచింటే మీ మొకం సూసి ఇడిసిపెడతాంటి. అమ్మా లేదు, బడీ లేదు. మూసిన బడిని సూసుకొని వయసొచ్చే పిల్లను యాడ పెట్టాల టీచరమ్మా. మీ ఇంట్లో ఇంగొకరికి జ్వరమొస్తే మళ్ళా మాదే తప్పంటారు."

మేడమ్ ట్రాక్టరు దగ్గరికి పోయి, బ్యాగులోంచి లెక్కల పుస్తకం తీసి పైకి అందించారు. హుసేనమ్మ పుస్తకం తీసుకుని నా వైపు చూసి, "సార్, భిన్నాలు అయిపోయినాయి. తర్వాత ఏంది సార్?" అని అడిగింది. "దశాంశాలు" అన్నాను. ఆ పిల్లకు ఆ ఏడాది నేను చెప్పిన పాఠం అదొక్కటే.

దీపావళి తర్వాత బడులు ఒక్కో క్లాసుగా తెరిచారు. హుసేనమ్మ పేరు ఎదురుగా పెన్సిలు చుక్కలు నెలల తరబడి నడిచాయి. ఉగాదికి వాళ్ళు తిరిగి వచ్చేసరికి కరోనా రెండోసారి వచ్చి బడి మళ్ళీ మూతపడింది. ఆ తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. మరుసటేడు పెళ్ళయిపోయింది. పెద్దమేడమ్ ఆపాలని రెండుసార్లు పోయారు. రెండోసారి వాళ్ళు ఊళ్ళోనే లేరు, ఎక్కడో బంధువుల ఇంట్లో కానిచ్చేశారు.

బడి తెరిచి ఉంచడం మేలా, మూయడం మేలా అని ఇప్పుడు నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ అవ్వ ప్రాణం చిన్నదని నేననలేను. మా నాన్న ఆ రెండేళ్ళూ దాటి బతికాడు, దానికి మురిసిపోయాను కూడా. నేను తలవంచుకునేది నా అభిప్రాయానికి కాదు. ఊరి పిల్లలకొక జవాబు, నా కూతురికొక జవాబు నా దగ్గర ఉన్నందుకు. పెద్దమేడమ్ తను తప్పయి ఉండొచ్చని వాకిట్లో నిలబడి ఒప్పుకున్నారు. నేను పేరు కూడా రాయలేదు.

ఆమె పోవడానికి రెండు నెలల ముందు ఆదోనిలో వాళ్ళింటికి పోయాను. ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. పాదాలు వాచి మెరుస్తున్నాయి. వాళ్ళాయన టీ ఇచ్చి లోపలికి పోయాడు. ఆ రోజు చెప్పేయాలనే పోయాను.

"మేడమ్, ఆ ఏడాది పైకి ఒక ఉత్తరం పోయింది కదా" అన్నాను.

"పోయింది."

"అది..."

"మీరు రాసిందే కదా సార్. మెమో ఇచ్చిన ఆయప్పే దాన్ని నా చేతికిచ్చి సదవమన్యాడు." కాస్త నవ్వారు. "అక్షరాలు మార్చినారు గానీ అంకెలు మార్చేది మర్చిపోయినారు. ఏడుకు నడుం మీద గీత కొట్టేది మన బడిలో మీరొక్కరే."

నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. "అప్పుడే ఎందుకు అడగలేదు మేడమ్?"

"అడిగింటే మీరు బదిలీ పెట్టుకొని పోతాంటిరి. పిల్లోళ్ళకు లెక్కలు సెప్పేటోళ్ళను యాడ తెద్దును?"

"కోపం రాలేదా?"

"వచ్చింది. శానా దినాలుండె. మీరు పొద్దున నమస్తే పెట్టినప్పుడంతా వస్తాండె." దుప్పటి పాదాల మీదికి లాక్కుని, "దాంట్లో మీరు రాసింది అబద్ధమేం కాదు సార్. పేరు ఒక్కటే లేదు" అన్నారు. తర్వాత, "టీ సల్లారిపోతాంది, తాగండి."

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. నా కూతురి ట్యూషను సంగతి అప్పుడు కూడా నోట్లోంచి రాలేదు. ఇక ఆమెకు చెప్పే వీలు లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆమెను మట్టి చేసిన రోజు ఎండ బాగా ఉంది. ఊరి నుంచి ఒక ఆటోలో మా బడిలో చదివిన ఎనిమిదిమంది ఆడపిల్లలు వచ్చారు. పిల్లలంటున్నాను గానీ అందరూ ఇప్పుడు తల్లులు. చేలల్లో పని నుంచే వచ్చినట్టున్నారు, చీరల మీద చొక్కాలు వేసుకుని ఉన్నారు. సమాధుల తోట గోడ పక్కన జానెడు నీడ ఉంటే అందులో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య హుసేనమ్మ, ఒళ్ళో నిద్రపోతున్న మూడేళ్ళ పాప.

ఏదో ఒకటి మాట్లాడాలని దగ్గరికి పోయాను. నన్ను చూడగానే ఎనిమిదిమందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. హుసేనమ్మ పాపను భుజానికెత్తుకుని కొంగు సర్దుకుంది. కూర్చోమని నేను అంటే కూర్చుంటారు. ఆ ఒక్క మాట నేను అనలేదు. వాళ్ళు నా ముఖం వైపు చూస్తూ, నీడ దాటి ఎండలో అట్లాగే నిలబడి ఉన్నారు.