సార్ వైరింగ్‌లో తప్పు లేదు

మొయినాబాద్‌లో మాకు ప్రోగ్రామింగ్ ల్యాబ్ చెప్పిన సార్ పోయిన నెల కన్నుమూశారు. నేను చేవెళ్ల బస్సులో ఉండగా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. దుఃఖం కన్నా ముందు సిగ్గేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది.

సార్ మా ప్రోగ్రాములను ప్రింట్ తీయించి, పెన్సిల్ పట్టుకుని చదివేవారు. తప్పు కనిపిస్తే కొట్టేయరు. పక్కన చిన్న చుక్క పెట్టి, "నువ్వే దేవులాడు బిడ్డా" అనేవారు. తప్పేమిటో మేమే వెతుక్కోవాలి.

చదువయ్యాక, సురంగల్‌లో కూరగాయల నారు పెంచే ఒక అవ్వ పాలీహౌస్ కోసం సార్, నేను కలిసి చిన్న కంట్రోలర్ తయారుచేశాం. లోపల వేడి హద్దు దాటితే అది మోటారు వేసి నీటి తుంపర కొట్టాలి. బోర్డు, వైరింగ్ సార్‌వి. ప్రోగ్రామ్ నాది. రోజంతటి రీడింగులు దాచడానికి ఒక ఫంక్షన్ లోపలే పెద్ద అర్రే, అంటే అంకెల పట్టీ, పెట్టాను. ఫంక్షన్లు నడిచేటప్పుడు వాడుకునే కొద్దిపాటి మెమరీని స్టాక్ అంటారు. సార్ అర్రే పక్కన చుక్క పెట్టారు.

"గిది స్టాక్ మీద కూసుంటది బిడ్డా. చిన్న బోర్డు, స్టాక్ ఇంతే ఉంటది. ఇంకో ఫంక్షన్‌ను పిలిస్తే దానికి జాగేది? ఫంక్షన్ బయట పెట్టు. ఎంత మెమరీ పడ్తదో ముందే ఎరుకైతది."

"ఇప్పుడు మంచిగనే నడుస్తున్నది గద సార్?"

"చలికాలం నడుస్తున్నది. ఎండలు రానీ."

మారుస్తానన్నాను. మార్చలేదు. మార్చేశానని మాత్రం చెప్పాను.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వేడి హద్దు దాటింది. అంతవరకు అవసరపడని హెచ్చరిక ఫంక్షన్‌ను ప్రోగ్రామ్ మొదటిసారి పిలిచింది. స్టాక్‌లో చోటు చాలక, పక్క మెమరీ కూడా చెడి, బోర్డు ఆగిపోయింది. మోటారు తిరగలేదు. మేం వెళ్లేసరికి ట్రేలలో నారంతా వాడి వాలిపోయి ఉంది.

"గిట్లెట్లయింది సారూ?" అంది అవ్వ.

ఆయన నోరు తెరవకముందే నేను, "వైరింగ్‌ల ఏదో లూజున్నట్టున్నది అవ్వా" అన్నాను.

సార్ నా వైపు ఒక్కసారి చూశారు. "నాదే తప్పు అవ్వా" అన్నారు. మర్నాటి నుంచి ఆమెతో కూర్చుని, ట్రేలన్నింటిలో మళ్లీ విత్తనాలు పెట్టారు. నేను ఇంట్లో కూర్చుని అర్రేను ఫంక్షన్ బయటికి మార్చాను. ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు.

పదకొండో రోజున సార్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పక్కన సురంగల్ అవ్వ కూర్చుని ఉంది. ఇద్దరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. అవ్వ మొహం తిప్పుకుంది. సార్ భార్య నా వైపు తిరిగారు.

"ఆయన చేతులు వణుకుతున్నయేమో, అందుకే తప్పయిందనుకున్న బిడ్డా. బోర్డులకు టాంకాలేసుడంటే ఆయనకు పానం. ఇంక వద్దని నేనే బంద్ చేయించిన. తప్పు తనది కాదని నాకు ఒక్క మాట చెప్పలే ఆయన."

ఆమె లేచి అల్మారాలోంచి గుడ్డ మూట తీసి విప్పారు. లోపల సార్ టాంకాలు వేసే సోల్డరింగ్ ఐరన్ ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని, చుట్టలు పడి బిగుసుకుపోయిన వైరును వేళ్లతో మెల్లగా సాపు చేస్తూ కూర్చున్నారు.