వివరించానని సంతకం చేశాను

విమానాశ్రయ సంస్థలో నా ఉద్యోగం ఎత్తులు కొలవడం. విమానం రన్‌వే మీదికి దిగే దారి కింద ఏ ఇల్లు, ఏ చెట్టు, ఏ టవరు అనుమతించిన ఎత్తు దాటిందో చూసి, దాటినవాళ్లకు నోటీసు ఇస్తాం. కూల్చే అధికారం మాకు లేదు. యజమాని ఇచ్చిన జవాబును, మా నివేదికను కలిపి పైకి పంపుతాం. పైనుంచి ఉత్తర్వు వచ్చాక కూడా అతను తొలగించకపోతే కలెక్టరుగారి మనుషులు వచ్చి తొలగిస్తారు. చట్టం మాకు ఇచ్చినవి నోటీసు, కొలత, నివేదిక. ఈ మూడింటితో ఎవరికీ పెద్దగా అన్యాయం చేయలేమని చాలాకాలం అనుకున్నాను.

బోరబండలో ఆ ఇంటికి మొదటిసారి వెళ్లింది కొలతకే. యజమాని జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. నాలుగు మాటలు మాట్లాడితే ఒకసారి దగ్గుతాడు. కింద ఒక్క గదిలో ఆయనా భార్యా, మొదటి అంతస్తులో కొడుకు కుటుంబం, దాని పైన రేకుల కప్పుతో ఒక గది. ఆ గదిలో కూతురు ఉంటుంది. కొట్టే మొగుణ్ణి వదిలేసి వచ్చి, హైటెక్ సిటీలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో పనికి కుదిరింది. రోజూ లోకల్ రైల్లో ఒక్క స్టేషను దూరం వెళ్లి వస్తుంది.

నేను డాబా మీద యంత్రం నిలబెట్టి కొలుస్తుంటే ఆయన పడమటి వైపు చెయ్యి చూపించాడు.

"గా అద్దాల బిల్డింగులు చూడుండ్రి సారు. ఆకాశం దాకా కట్టిన్రు. నా గీ చిన్న అర్రనే విమానానికి అడ్డమొచ్చిందా?"

"అవి దారికి పక్కన ఉన్నాయండీ. మీ ఇల్లు సరిగ్గా దారి కింద ఉంది. అందుకే ఇక్కడ హద్దు తక్కువ" అన్నాను.

ఆయన తల ఊపాడు, అర్థమైందో లేదో. గది హద్దుకన్నా ఒక మనిషి ఎత్తు పైకి ఉన్నట్టు తేలింది.

నెల తరువాత నోటీసు పట్టుకుని నేనే వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చాడు. "ఇంగ్లీషుల ఉన్నది సారు. జర సదివి చెప్పుండ్రి."

భార్య తలుపు దగ్గర నిలబడింది. కూతురు అప్పుడే పనినుంచి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మెట్ల మీద ఆగిపోయింది. గది అడ్డంగా ఉందని చదివి చెప్పాను. ఆ మాటకే ఆ పిల్ల మొహం పాలిపోయింది. తరువాతి పేరాలో అసలు సంగతి ఉంది: రెండు నెలల్లోగా ఇంటి అనుమతి కాగితాలతో, అభ్యంతరాలతో రాతపూర్వకంగా జవాబివ్వాలి, కావాలంటే మళ్లీ కొలిపించమని అడగవచ్చు. అది చెప్పడం నా విధి. కానీ ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ ఇంకొక్క వాక్యం చదవడం నావల్ల కాలేదు. తొందరగా బయటపడాలనిపించింది.

"ఫికర్ చేయకండి, ఇంకా చాలా దశలున్నాయి. వెంటనే ఏమీ కాదు" అన్నాను.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. భార్య చాయ్ తెచ్చింది. తాగి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను. ఆఫీసు ప్రతిలో అడుగున ఒక వరుస ఉంటుంది, నోటీసులోని విషయం యజమానికి తెలిసిన భాషలో వివరించానని. దాని కింద నేనూ సంతకం చేశాను.

రెండు నెలలు గడిచాయి. జవాబు రాలేదు. ఫైలు చూసినప్పుడల్లా ఒకసారి వెళ్లి గుర్తు చేయాలనుకునేవాణ్ణి. పుప్పాలగూడలో మా ఫ్లాటునుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో కొంచెం పక్కకు తిరిగితే చాలు. తిరగలేదు.

కూల్చివేత ఉత్తర్వు అందాక ఆయన పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఇంటి పాత అనుమతి కాగితాలు. మా అధికారి ఫైలు తిరగేసి నన్ను పిలిచాడు.

"గడువులోపల జవాబివ్వాలని ఈయనకి వివరించారా?"

ఆ పెద్దాయన నా మొహంలోకి చూస్తున్నాడు, నేనేదో సాయం చేస్తానన్నట్టు.

"వివరించాను సార్" అన్నాను.

"అయితే మన చేతుల్లో ఏమీ లేదండీ" అన్నాడు అధికారి ఆయనతో, మర్యాదగానే.

కూల్చిన రోజు తగ్గిన ఎత్తును ధ్రువీకరించడానికి నన్నే పంపారు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. కూతురు కింద గడప మీద బట్టల మూట పక్కన కూర్చుని, పైకి ఒక్కసారి కూడా చూడలేదు. పక్క వీధిలో ఇంకో ఇంటికీ అదే నోటీసు వెళ్లింది. వాళ్లు జవాబిచ్చారు, మళ్లీ కొలిపించుకున్నారు. నీళ్ల ట్యాంకు, పిట్టగోడ తీస్తే సరిపోయింది. ఈ గది అలా మిగిలేదని నేను చెప్పలేను. మిగిలేది కాదని కూడా చెప్పలేను.

కొన్ని నెలలకు ధైర్యం చేసి ఆ ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. కూతురు గురించి అడిగాను.

"మొగని దగ్గరికే పోయింది సారు. కొడుకింట్ల ఎన్ని దినాలుంటది? ఇగ ఏం జేస్తది?" అని చాలాసేపు దగ్గాడు. తరువాత మెల్లగా అన్నాడు: "గా కాయితంల జవాబు రాయాల్నని ఉండెనట గద. మీరు చెప్పే ఉంటరు. నా బుర్రకే ఎక్కలే. నా బిడ్డ బతుకు నేనే ఖరాబు జేసిన."

లేదు, నేను చెప్పలేదు అనడానికి నోరు తెరిచాను. దగ్గుకు మందు వాడుతున్నారా అని అడిగాను. ఆయన భార్య గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది. ఆ రోజు నేను చదివినదంతా ఆమె కూడా నిలబడి విన్నది. ఆమె ఒక్కమాట అంటే బాగుండునని ఎదురుచూశాను. ఆమె కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. లేచి, వస్తానని చెప్పి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.