అక్క వేయించిన సూదులు

రాయదుర్గంలో మా అక్క ఇంటి వసారాలో ఆరు మిషన్లు పెట్టి జీన్సు ప్యాంట్లు కుట్టించేది. భర్తతో పొసగక వచ్చేసిన నన్ను చేరదీసి, ఒక మిషను ముందు కూర్చోబెట్టింది. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. అక్క మాటంటే నాకు అమ్మ మాటే.

రెండువేల రెండో మూడో సంవత్సరం. నడుములో మొదలైన నొప్పి ఎడమ పిర్ర మీదుగా పిక్క దాకా కరెంటు పాకినట్టు దిగేది. మిషను తొక్కలేకపోయాను. అక్క తనకు తెలిసిన ఆర్‌ఎంపీ డాక్టరును ఇంటికే పిలిపించింది.

"నరాల బలానికి మందుమ్మా. ఏం భయం ల్యా" అంటూ ఆయన సూది వేశాడు.

మర్నాటికి నొప్పి మాయం. చచ్చిపోయిన ఆకలి కూడా లేచొచ్చింది. ఆయన కనిపిస్తే దండం పెట్టేదాన్ని.

ఆ తర్వాత పది రోజులకోసారి, ఆర్డర్లు ఎక్కువైతే వారానికోసారి సూది. ఏడాది తిరిగేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది. "ఒళ్లు చేసినావే, కళొచ్చిండాది" అని అక్క నవ్వింది. కాళ్లూ చేతులూ మాత్రం పుల్లలయ్యాయి. మెట్టెక్కాలన్నా గోడ పట్టుకోవాల్సిందే.

ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి మిషను మీదే వాలిపోయాను. పక్క మిషను మీద కుట్టే ఆమె నన్ను బస్సెక్కించి బళ్లారి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు నా ముఖం, చేతులు చూడగానే అడిగాడు: "ఎన్నాళ్ల నుంచి స్టెరాయిడు సూదులు వేయించుకుంటున్నారు?"

"స్టెరాయిడు కాదు సార్, నరాల మందు" అన్నాను.

పరీక్ష చేస్తే షుగరు బాగా ఎక్కి ఉంది. సూదులు ఉన్నపళంగా ఆపితే ప్రాణానికే ముప్పని, అదే మందును కొద్దికొద్దిగా తగ్గించేలా మాత్రలు రాశాడు.

ఇంటికొచ్చేసరికి అక్క ప్యాంట్ల దారాలు కత్తిరిస్తోంది.

"అక్కా, నీకు తెలుసా?"

చెయ్యి ఆపలేదు. "తెలుసు. మొగం వాస్తాది, షుగరొస్తాదని ఆయప్ప మొదట్లోనే చెప్పినాడు. నీకు చెప్పింటే ఏయించుకుంటాంటివా? నువ్వు కూకోని తింటాంటే మీ బావ ఊరుకుంటాడా?"

"ఏయించుకుందునేమో అక్కా. నన్నొక మాట అడగల్ల కదా."

అక్క ఇంకో ప్యాంటు అందుకుంది. నేను ఆ వారమే వేరే గది చూసుకున్నాను.

షుగరు అదుపులోకి వచ్చాక, మళ్లీ మొదలైన నడుం నొప్పికి బళ్లారి డాక్టరు ఎక్స్‌రే తెర మీద వెన్ను చూసుకుంటూ నరం పక్కన ఒక సూది వేస్తానన్నాడు. "ఇది కూడా స్టెరాయిడేనమ్మా" అని ముందే చెప్పాడు. ఎన్నాళ్లు పనిచేస్తుందో, ఏం ఇబ్బందులు రావచ్చో అంతా వివరించి, "వెయ్యమంటారా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటకు నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

నొప్పి చాలావరకు తగ్గింది. షుగరు మాత్రలు మిగిలాయి. కొన్నేళ్లకు అక్క నా గదికొచ్చింది. తల నొస్తోందని నేనంటే, కొంగు ముడిలోంచి అట్టతో ఉన్న మాత్ర తీసి ఇచ్చింది. దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, అట్ట మీది పేరు కూడబలుక్కుని చదివాకే వేసుకున్నాను. అక్క చూస్తూనే ఉంది.