చనుబాల గదిలో మిరప మంట

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. కారంపూడి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పిల్లలు దయ్యం కథ ఎత్తుకుంటే "నువ్వు చూశావా?" అని అడిగి నోరు మూయించే రకం నేను. ఇప్పుడు ఆ ప్రశ్న నన్నే ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక ఇది రాస్తున్నాను. కంటితో చూసిందీ, ఒంటికి తగిలిందీ మాత్రమే రాస్తాను.

మా పాప ఎనిమిదో నెల నిండకుండానే పుట్టింది. నరసరావుపేటలో ఒక పిల్లల ఆసుపత్రిలో గాజు పెట్టెలో ఉంచారు. చప్పరించే శక్తి లేదు. ముక్కులోంచి వేసిన సన్నటి గొట్టంతోనే పాలు పట్టాలి. డబ్బాపాలు పడక మూడో రోజుకు పొట్ట ఉబ్బింది. "చెంచాడైనా సరే, మీ పాలు తెచ్చివ్వండమ్మా. ఇప్పుడు దానికి అదే మందు" అన్నారు డాక్టరు గారు.

ఆ చెంచాడే రావడం లేదు. పంపు కొన్నాం, అది గాలి పీల్చి ఊరుకుంది. ఇక చేత్తో మొదలుపెట్టాను. ఇక్కడ నా తెలివి గురించి చెప్పుకోవాలి. మాచర్లలో మా ఇంటి వెనక గేదెలుండేవి. పదేళ్ళ వయసు నుంచి పాలు పితికినదాన్ని. అలవాటైన పనే కదా అని చనుమొనను వేళ్ళ మధ్య పట్టుకుని కిందికి లాగాను. అలా ఒకరోజంతా లాగాను. రొమ్ము కమిలి నీలం తిరిగింది తప్ప చుక్క రాలేదు. నర్సు ఒకసారి పద్ధతి చూపించింది కానీ, ఆమె అటు వెళ్ళగానే నా వేళ్ళు మళ్ళీ గేదె దగ్గరికే పోయాయి. క్షీరగ్రంథుల బొమ్మ గీయించి మార్కులు వేసే టీచర్ని నేను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆ మధ్యాహ్నం అమ్మ భోజనం తేవడానికి వెళ్ళింది. తల్లుల కోసం ఉంచిన చిన్న గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. బయట మగవాళ్ళు తిరుగుతుంటారని లోపల గడియ పెట్టాను. తలుపు వైపు వీపు పెట్టి కుర్చీలో కూర్చుని, మరిగే నీళ్ళలో కడిగి తెచ్చిన స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ లాగడం మొదలుపెట్టాను.

"గేదె కాదమ్మా అది. లాగబాక."

మాట వెనక నుంచి వచ్చింది. ఆయా అనుకున్నాను. తల తిప్పే ఓపిక కూడా లేదు. నా కుడి భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చి నా వేళ్ళను తీసి బాగా వెనక్కి పెట్టింది. మొనను తాకనివ్వలేదు. "గుండెకేసి నొక్కు. ఇప్పుడు వేళ్ళు దగ్గిరికి తే. ఇడువు. మళ్ళా." ఆ చేతి బొటనవేలి గోరు నిలువునా రెండుగా చీలి ఉంది. అది స్పష్టంగా చూశాను. కాసేపటికి పసుప్పచ్చటి చుక్క ఒకటి ఊరి గిన్నెలో పడింది. తర్వాత ఇంకొకటి. నేను ఇక ఆ చుక్కల్నే చూస్తూ ఉండిపోయాను.

అమ్మ తలుపు కొట్టింది. లేచి గడియ తీశాను. నేను పెట్టిన గడియే, నేనే తీశాను. గదిలో ఇంకెవరూ లేరని అప్పుడు గానీ తట్టలేదు.

గిన్నెలో చెంచాడు పైనే ఉన్నాయి. వాటిని పాప ఉన్న గాజు గదికి చేర్చి, నర్సు గొట్టంలో పోయడం అద్దంలోంచి చూశాకే నాకు ఊపిరి ఆడింది. మంట అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి ఆనినచోటల్లా ఎర్రగా మండుతోంది. అమ్మ చూసి "కారం ముట్టుకున్నావా ఏందే? ఇది మిరప మంటే" అంది. పాప పుట్టిన దగ్గర్నుంచీ నాకు పెడుతున్నది చప్పిడి పథ్యం.

చీలిన గోరు మాట చెప్పగానే అమ్మ "కోటమ్మక్క" అంది.

నేను పుట్టింది బెల్లంకొండ దగ్గర పల్లెలో. నేనూ బలం లేకుండానే పుట్టానట. అమ్మకేమో జ్వరం, ఒళ్ళు తెలియని స్థితి. మిరప కోతలకు వెళ్ళే కోటమ్మ రోజూ వచ్చి అమ్మ పాలు పిండి నాకు పోసేదట. కోతల రోజుల్లో ఎంత కడిగినా చేతుల కారం పోదు. మొనను ముట్టుకుంటే పిల్ల నోరు మండుతుంది. అందుకని కోతలకు వెళ్ళే తల్లులు వేళ్ళు బాగా వెనక పెట్టి, గుండెకేసి నొక్కి, మొన తాకకుండా గ్లాసులోకి పిండుతారట. అమ్మ ఆ పద్ధతి నేర్చుకోలేదు. నాకు ఈ సంగతి ఎన్నడూ చెప్పనూ లేదు. నా రెండో ఏటే మేం మాచర్ల వచ్చేశాం.

కోటమ్మ ఎప్పుడో పోయి ఉంటుందనుకున్నాను. ఇలాంటి కథలు అలాగే ఉంటాయి కదా. అమ్మ అక్కడికక్కడే ఫోన్ చేస్తే ఆమే ఎత్తింది. చేలో పదిమందితో కలిసి కాయలు కోస్తోంది. మేం విషయం ఎత్తకముందే, "ఏందోనే, పొద్దున్నించీ కోస్తన్నా, ఇందాకటి నుంచి కుడిచెయ్యి మండట్లా. పాలల్లో ముంచినట్టు చానా చల్లంగుంది" అంది. స్పీకర్లో నేనూ విన్నాను.

నా బుర్ర ఊరుకుంటుందా? నర్సు చూపించింది ఆలస్యంగా తలకెక్కి ఉండొచ్చు. ఆ గోరు పసితనంలో చూసి మనసులో ఉండిపోయి ఉండొచ్చు. ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో సగం మంది మిరప చేల నుంచి వచ్చినవాళ్ళే, ఎవరి చేతి కారమో కుర్చీకి అంటి ఉండొచ్చు. ఒక్కోదానికి ఒక్కో జవాబు దొరికింది. అన్నీ ఆ ఒక్క మధ్యాహ్నమే ఎందుకు జరిగాయో దానికి మాత్రం దొరకలేదు.

పాప దక్కింది. ఐదో నెలలో కోటమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె గుమ్మంలో కూర్చుని ఇంటి కారానికి ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. గోరు చూశాను. అదే. ఆపుకోలేక "ఆరోజు నువ్వొచ్చావా పెద్దమ్మా?" అని అడిగేశాను.

"నేనెట్టా వస్తానే, చేలో ఉంటిని గదా" అని నవ్వింది. చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంది. "నీకు పాలు పోసిన చెయ్యే ఇది. దానికి దోవ తెలిసుండుద్ది."

ఆ మాటల్లో ఉండగానే నా ఒళ్ళో ఉన్న పాప ఆ చీలిన బొటనవేలిని అందుకుని నోట్లో పెట్టేసుకుంది. అమ్మ కెవ్వుమంది. కోటమ్మ లాక్కోబోతే పాప వదల్లేదు. చప్పరించే శక్తి లేకుండా పుట్టిన పిల్ల, గట్టిగా చప్పరిస్తోంది. ఎలాగో విడిపించి చూశాం. ఏడవలేదు. పెదవులు కూడా ఎర్రబడలేదు.

ఉండబట్టలేక, ఆ వేలిని పాప నోటి తడి ఆరకముందే నా వేలితో రుద్ది, నా వేలు నాలుక మీద పెట్టుకున్నాను. భగ్గుమంది. రెండు చెంబుల నీళ్ళు తాగినా తగ్గలేదు. కళ్ళు తుడుచుకుంటూ చూస్తే, పాప మళ్ళీ ఆ వేలి కోసమే చెయ్యి చాస్తోంది.