లత చేప కనపడకూడదని

డబ్బా మూత తియ్యగానే ఉప్పు వాసన కంటే ముందు బురద వాసన వచ్చింది. ఎండిన నాచు, పులిసిన తవుడు, పగలంతా ఎండకు కాగి సాయంత్రానికి చల్లబడిన గట్టుమన్ను, ఇవన్నీ కలిసిన ఆ వాసన నాకు బాగా తెలిసిందే గాని, విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో, బందరు సముద్రం నుంచి కారు డిక్కీలో పెట్టుకుని తెచ్చిన నీళ్ళ డబ్బాలోంచి అది రావాల్సిన పని లేదు. ముక్కు చెప్పింది వినకుండా ఆ నీళ్ళు తీసుకెళ్ళి పగడాలూ చేపలూ పెంచుకునే నా గాజు తొట్టిలో పోశాను. ఒకసారి కాదు, ఆరు నెలల పాటు నెలకు రెండుసార్లు పోశాను. ఇప్పుడు వారం వారం ఒక చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, దాంట్లో పొడి కలిపి, ఊపి, కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే అది ముదురు నీలమవుతోంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫేటు అంత ఎక్కువున్నట్టు. అది ఎక్కువైతే రాళ్ళకు నాచు పడుతుంది, ఇవాళ తుడిచిన అద్దం ఎల్లుండికి పచ్చబడుతుంది, ఊదారంగులో విచ్చుకున్న పగడం మట్టిరంగుకు తిరిగి ముడుచుకుంటుంది.

గుణదలలో మా పిన్ని కూతురు లత ఇంట్లోనూ అదే గొట్టం, అదే పొడి. అక్కడ నీళ్ళు మాత్రం నీలమా కాదా అన్నట్టు ఉండిపోతాయి. అసలు నేనీ తొట్టి పెట్టుకున్నదే లతను చూసి. వాళ్ళింటికెళ్ళి, హాల్లో ఆరడుగుల అద్దం వెనక గాలికి ఊగే పూలతోటలా ఉన్న ఆ పగడాలను, వాటి మధ్య తిరిగే నారింజరంగు చేపలను చూసి, కాఫీ తాగి, "బాగుందే" అని చెప్పి, తిరిగొస్తూ ఆటోలో కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. నలభై దాటాక కూడా అదే బుద్ధి. లత ఖరీదైన ఉప్పు సంచులు తెప్పించి, శుద్ధి చేసిన నీళ్ళలో కలిపి వాడుతుంటే, అంత దగ్గర్లో అసలు సముద్రమే ఉండగా ఉప్పు కొనుక్కునే పిచ్చిదెవరని లోలోపల నవ్వుకున్నాను కూడా. లత మీద నాకున్న ఈ కుళ్ళు ఇవాళ్టిది కాదు, మేమిద్దరం గౌన్లు వేసుకునే రోజుల నాటిది.

మా ఊరు కైకలూరు దగ్గర. నాన్నకు రెండు చేపల చెరువులు ఉండేవి. ఎండాకాలం చెరువు ఎండగట్టి, నెర్రెలిచ్చిన అడుగున సున్నం చల్లి, కాలవ నీళ్ళు రాగానే నింపి, పేడ వేసి, ఆపైన బూడిదరంగు ఎరువు చల్లేవారు. సూపర్ ఫాస్ఫేటు అని సంచి మీద రాసుండేది. మా ఇంట్లో దాన్ని సూపరు అనేవాళ్ళం. వారం తిరిగేసరికి నీళ్ళు పచ్చబడేవి. నాన్న లుంగీ ఎగగట్టి గట్టు వారన కూర్చుని, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచేవారు. అరచెయ్యి కనపడకుండా పోతే నీళ్ళు తయారైనట్టు, ఇంక చేపపిల్లలను వదలొచ్చు. ఇంకా కనపడుతుంటే ముఖం చిట్లించి, చెరువు పస్తుంటోందని, మరో రెండు సంచులు తెమ్మని కేకేసేవారు. అందుకని తేటనీళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిన్నచూపు. అడుగు కనపడే నీళ్ళు తిండిలేని నీళ్ళనే నా లెక్క.

వేసవి సెలవుల్లో లత మా ఊరొచ్చేది. తాటిముంజలు బొటనవేలితో తోడుకు తినేవాళ్ళం, నీళ్ళు మోచేతుల దాకా కారి జిగురు కట్టేవి. మధ్యాహ్నాలు పెంకుటింటి వసారాలో చల్లటి గచ్చు మీద చింతపిక్కలతో అష్టాచెమ్మా, పొద్దు వాలాక తొక్కుడుబిళ్ళ, మధ్యలో నాయనమ్మ చుట్ట కాల్చుకుంటూ మా ఇద్దరి కాళ్ళూ చూసి ఎవరివి ఎక్కువ దుమ్ము కొట్టుకున్నాయో చెప్పి తిట్టేది. రాత్రి అన్నంలోకి పొద్దుటి బొచ్చె చేప పులుసు, మర్నాటికి మరీ రుచి. ఇన్ని ఉన్నా నా కడుపు మంట నాకుండేది. ఎందుకంటే తెల్లవారి నాన్న చెరువు మీదకి పడవలో మేత తీసుకెళ్ళేటప్పుడు ముందు పీట మీద లతను కూర్చోబెట్టేవారు. తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన మేత నేను చల్లితే ముద్దలు ముద్దలుగా ఒక్కచోటే పడేది. లత చల్లితే వాన తుంపరలా పరుచుకునేది.

"లతమ్మ చెయ్యి చూడవే, ఎంత పల్చగా పడుతోందో," అనేవారు నాన్న నాతో.

సొంత చెరువు మీద, సొంత నాన్న పక్కన కూర్చుని ఆ మాట వినడం ఎలా ఉంటుందో ఇప్పటికీ చెప్పలేను. పడవ అంచు గోళ్ళతో గీకుతూ కూర్చునేదాన్ని.

దసరా సెలవులకు మేం విజయవాడ గవర్నర్‌పేటలో లత వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. అక్కడ లత వాళ్ళ నాన్నకు, అంటే మా బాబాయికి, స్టీలు సామాన్ల కొట్టు, కొట్టు పైన ఇల్లు. కింద బేరాల గోల, రిక్షా బెల్లులు, పక్క హోటల్లో పెసరట్టు మీద పడే అల్లం, పచ్చిమిర్చి వాసన మెట్లెక్కి మా దాకా వచ్చేది. పిన్ని తొమ్మిది రోజులూ బొమ్మల కొలువు పెట్టేది. రోజుకో ప్రసాదం, ఒకరోజు పులిహోర, ఒకరోజు అల్లం గారెలు, ఒకరోజు చక్కెర పొంగలి, పేరంటానికొచ్చిన వాళ్ళ చేతుల్లో నానిన శనగలు, గంధం పూసిన మెడలు, కొత్త పట్టుపరికిణీల గంజి వాసన. ఆ ఏడు కొలువు పక్కన ఎత్తు బల్ల మీద కొత్తగా మూడడుగుల గాజు తొట్టి కనపడింది. లోపల లైటు, బుడగలు వదిలే చిన్న పెట్టె, తెల్లటి గులకరాళ్ళు, ఏడు బంగారు చేపలు. వాటిలో ఒకదానికి ఒళ్ళంతా తెలుపు, నెత్తిన మాత్రం ఎర్రటి టోపీ. దానికి లత రాణి అని పేరు పెట్టింది. బాబాయి లత పుట్టినరోజుకి తెచ్చారట. పేరంటానికొచ్చిన వాళ్ళెవరూ కొలువు బొమ్మల వైపు చూడటం లేదు. అందరూ తొట్టి ముందే, "ఎంత బాగుందమ్మా లతా" అంటూ. మా నాన్న రెండు చెరువుల్లో వేలకు వేలు చేపలున్నాయి. ఒక్కటి కూడా కనపడేది కాదు.

ఆ ఏడు మొదటి రెండు రోజులుండి నేనూ అమ్మా ఏదో పని మీద ఊరెళ్ళి, మర్నాడే మళ్ళీ వచ్చాం. ఆ ఒక్కరోజులో చెరువు పాకలో విప్పి ఉన్న సంచిలోంచి రెండు గుప్పిళ్ళ సూపరు తీసి, నోటుపుస్తకం కాగితంలో పొట్లం కట్టి, ట్రంకు పెట్టెలో గౌన్ల కింద పెట్టుకున్నాను. చేపలను చంపాలనుకోలేదు. ఈ మాట నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పడం లేదు, చంపడం నా బుర్రకే తట్టలేదు. ఎరువుతో చేపలు బలుస్తాయనే నాకు తెలుసు. నాకు కావాల్సిందల్లా ఆ నీళ్ళు మా చెరువు నీళ్ళలా అయిపోవడం, రాణి కనపడకుండా పోవడం, తొట్టి ముందు నిలబడ్డ వాళ్ళు వెళ్ళిపోవడం.

మధ్యాహ్నం లత పక్కింటి కొలువు చూడటానికి వెళ్ళింది, పెద్దవాళ్ళు భోజనాలు చేసి నడుం వాల్చారు. స్టూలెక్కి పొట్లం విప్పి దులిపాను. నీళ్ళు కాసేపు తెల్లగా కలగి, సాయంత్రానికి మళ్ళీ తేటబడ్డాయి. బతికాననిపించింది, ఉసూరుమని కూడా అనిపించింది. కాని కిటికీలోంచి తొట్టి మీద పొద్దుటెండ పడేది. నాలుగోరోజుకి అద్దం మసకేసింది. దసరా నాటికి నీళ్ళు చిక్కటి పచ్చన. ఎవరూ చూడకుండా మోచేతి దాకా చెయ్యి ముంచాను. అరచెయ్యి కనపడలేదు. నీళ్ళు తయారయ్యాయి. నాన్నకు చూపించాలనిపించేంత గర్వం కలిగింది.

ఆ రాత్రి కరెంటు పోయి బుడగల పెట్టె ఆగిపోయింది. తెల్లవారుజామున మంచినీళ్ళకని లేచి తొట్టి వైపు చూస్తే, ఏడు చేపలూ పైకొచ్చి, నోళ్ళు తెరుచుకుని గాలి మింగుతున్నాయి. పచ్చబడ్డ నీళ్ళలో తెల్లవారేసరికి గాలి చాలకే చేపలు అలా తేలతాయని ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. మా చెరువులో చేపలు అలా తేలితే నాన్న గట్టు మీద పరుగెత్తి ఇంజను వేసి కొత్తనీళ్ళు పెట్టించేవారు. ఇక్కడ రెండు బిందెల నీళ్ళు మారిస్తే చాలు, బాబాయిని లేపితే చాలు. లేపితే, నీకెలా తెలుసని అడుగుతారు. నేను వెళ్ళి లత పక్కనే పడుకుని, దుప్పటి ముఖం మీదకి లాక్కున్నాను.

పొద్దున్న అయిదు చేపలు వెల్లకిలా తేలాయి, వాటిలో రాణి ఉంది. మిగతా రెండూ సాయంత్రానికి పోయాయి. పండగ హడావుడిలో లత వాటికి మరమరాలు, గారె ముక్కలు వేయడం పిన్ని చూసిందట.

"కడుపు పగిలేలా పెడితే నీళ్ళు కుళ్ళవా? నీ చేత్తో నువ్వే చంపుకున్నావు," అన్నారు బాబాయి.

లత ఏడవలేదు. మేత వేసిన చేతిని గౌనుకి తుడుచుకుంటూ నిలబడింది. నేను కొలువు దగ్గర కూర్చుని బొమ్మలు సర్దుతున్నాను. తొట్టి కడిగి ఎండబెట్టారు. మరుసటి ఏటి నుంచి దాంట్లో కొలువు బొమ్మలు దాచేవాళ్ళు. ఆ వేసవికి లత మా ఊరొచ్చినప్పుడు నాన్న పడవలో పిలిస్తే వెళ్ళింది గాని మేత ముట్టుకోలేదు. బుట్ట నా చేతికి ఇచ్చారు. ముద్దలు ముద్దలుగా పడినా నేనే చల్లాను. సంతోషించాను కూడా.

పోయిన ఆదివారం లత మా ఇంటికొచ్చింది. నా తొట్టి బాగుచేద్దామని రెండు డబ్బాల శుద్ధి నీళ్ళు, ఉప్పు, తన తొట్టిలో పెంచే పచ్చటి పీచునాచు ఒక గుప్పెడు, ఫాస్ఫేటును పీల్చుకునే తుప్పురంగు గుళికలు తెచ్చింది. వంటింట్లో ఖాళీ డబ్బా మూత తీసి వాసన చూసింది.

"ఈ నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చావే?"

"బందర్నించి. సముద్రపు నీళ్ళేగా."

"మన చేల డ్రైన్లూ, చెరువుల డ్రైన్లూ అన్నీ పోయి ఎక్కడ కలుస్తాయనుకున్నావు?"

నవ్వలేదు, ఎత్తిపొడవలేదు. కొంగు దోపి పనిలో దిగింది. నాలుగో వంతు నీళ్ళే మార్చింది, ఫాస్ఫేటు ఒక్కసారిగా దించితే పగడాలు తట్టుకోలేవంది. గుళికలు కొంచెమే పెట్టింది. ఇన్నాళ్ళూ రాళ్ళు పీల్చుకున్నది మెల్లగా బయటికొస్తుంది కాబట్టి నెలల తరబడి ఓపిక పట్టాలంది. మేతలోనూ ఫాస్ఫేటు ఉంటుంది కాబట్టి ఫ్రీజరులో ఉన్న మేత ముక్కను మంచినీళ్ళలో కడిగితే గాని వేయొద్దంది, అదీ రోజు విడిచి రోజు, ఒకే ఒక్క చిటికెడు. ప్రతి మాటా నాకు ముల్లులా గుచ్చుకుంది. ఇంత నిదానం, ఇంత లెక్క, ఈ చెయ్యి తనకెలా వచ్చాయని మళ్ళీ ఆ పాత మంట రేగింది. ఆ మాటే అడిగాను.

లత మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి రాయి మీద నాచు రుద్దుతోంది. తేటబడ్డ నీళ్ళలో తన వేళ్ళు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి.

"చిన్నప్పుడు ఎక్కువ మేత వేసి చంపేశాగా," అంది. "అప్పట్నించీ భయమే. నాన్న ఉన్నన్నాళ్ళూ చేపల్ని పెంచే ధైర్యం చాల్లేదు. నా పెళ్ళిలో కూడా మా అత్తగారి వాళ్ళతో అన్నారు, మా లత చేతికి చేపల్ని ఇవ్వకండి అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

బాబాయి పోయి మూడేళ్ళయింది. లత తొట్టి పెట్టింది ఆయన పోయాకే. నేనింతగా కుళ్ళుకున్న ఆ నిదానం ముప్పై ఏళ్ళ కిందట నేను పెట్టిన భయమేనని అప్పుడు అర్థమైంది. చెప్పాను. పొట్లం, స్టూలు, తెల్లవారుజామున తేలిన చేపలు, నేను కప్పుకున్న దుప్పటి, అన్నీ చెప్పాను.

"చెరువులో వేసే సూపరా?" అంది.

"అవును."

రాయి రెండో వైపు కూడా రుద్దింది. తర్వాత చెయ్యి బయటికి తీసి తుడుచుకుంది.

"నాన్న ఉండగా చెప్పాల్సింది."

అంతే అంది. గవర్నర్‌పేటలో ఆ ఇల్లు లేదిప్పుడు, అక్కడ మూడంతస్తుల్లో సెల్‌ఫోన్ల కొట్లు. గాజు తొట్టి ఏమైందో ఎవరికీ తెలియదు. మా చెరువులు రొయ్యల వాళ్ళకి కౌలుకిచ్చేశాం, పడవ గట్టు మీద బోర్లించి ఉండగానే చివికిపోయింది. నాన్నా లేరు, లత చెయ్యి పల్చనిదని చెప్పేవాళ్ళూ లేరు. నేను చెప్పిన మాట వినాల్సిన మనిషి బాబాయి ఒక్కరే, ఆయన వినకుండానే వెళ్ళిపోయారు.

వెళ్ళే ముందు లత కడిగిన మేత చిటికెడు తీసి తొట్టిలో వేసింది. తుంపరలా పరుచుకుంది. ఒక్క క్షణం ఆగి, ఒక్క చిటికెడే వెయ్యాలని నాకు చెప్పిన మనిషి, ఇంకో చిటికెడు తీసింది, నిండుగా తీసింది. వేసింది. వచ్చే వారం గొట్టంలో నీలం ముదురుతుందని ఇద్దరికీ తెలుసు. నేను వద్దనలేదు. రోజూ మేత వేసే నా వైపు ఒక్కటీ రాకుండా నా చేపలన్నీ లత చేతి దగ్గరకే వెళ్ళాయి, ఇంత జరిగాక కూడా, అది చూసి నాకు కుళ్ళొచ్చింది.